రెండు గీతలు

మా వైపు చెనిక్కాయ రైతు వానను రెండు మాటలతో కొలుస్తాడు: అదను, పదును. అదను కాలానిది, పదును నేలది. ఏరువాక రోజుల్లో ఒక మంచి వాన పడ్డాక మట్టి పిడికిట్లో ముద్దై, వదిలితే పొడిగా రాలే స్థితిలో ఉండేది రెండు మూడు రోజులే. ఆ రోజుల్లో ట్రాక్టర్ షెడ్డులో నిలబడిందంటే రిపేరు బిల్లు సంగతి తర్వాత, పోయిన పదును మళ్ళీ వాన పడితే గానీ రాదు.

ట్రాక్టర్ మెకానిక్ పనిలో నా మొదటి పాఠం అలా ఒక రైతు పదును పోగొట్టి నేర్చుకున్నదే.

అప్పటికి పుంగనూరు బయట ఒక షెడ్డులో రెండేళ్ళుగా స్పానర్లు అందిస్తున్నాను. ఆ పొద్దు మేస్త్రీ సామాను కోసం మదనపల్లెకు పోయాడు. ఒక పెద్దాయన ట్రాక్టర్ తెచ్చి నిలిపాడు.

“దున్నతా దున్నతా పావుగంటకు లాగేది మానేస్తాంది నాయనా. రవ్వంతసేపు నిలిపితే మల్లా బాగనే పోతాంది.”

ఆయన మాటలో నాకు వినబడింది మొదటి సగమే. లాగడం లేదంటే టైమింగు పోయినట్టేనని ముందు వారమే ఎవరో చెప్పగా విన్నాను. మేస్త్రీ వచ్చేలోగా పని ముగించి మెప్పు పొందాలనుకున్నాను. పంపు ఫ్లేంజి బోల్టులు వదులు చేశాను. పంపును ఇంజను వైపు ఒకసారి, అవతలికి ఒకసారి తోసి చూశాను. ఇంజను ముందుకంటే మొండికేసింది. కటకటమని కొట్టుకుంది. పోనీ ఎక్కడున్నదాన్ని అక్కడే పెడదామంటే, ఎక్కడుండేదో నాకు తెలియదు.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. పంపు వైపు చూసి అడిగిన మొదటి మాట ఇది:

“గీత గీస్తివా?”

“లేదన్నా.”

“మల్ల ముందర యాడుండిందో ఎట్ల కనుక్కుంటావురా? జాతకం చూపిస్తావా?”

తర్వాత ఆయన పెద్దాయనను కూర్చోబెట్టి మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాడు. రెండో సగం కూడా విన్నాడు. లేచి డీజిల్ ట్యాంకు మూత తీసి వెలుతురుకు పట్టి చూశాడు. మూతలో గాలి పోయే చిన్న రంధ్రం దుమ్మూ జిడ్డూ పట్టి పూడిపోయి ఉంది. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ ఆ చోటు నింపడానికి గాలి లోపలికి రావాలి. రాకపోతే డీజిల్ ధార సన్నగిల్లి ఇంజను నీరసిస్తుంది. నిలిపి ఉంచితే ఎక్కడో ఒక సందులోంచి గాలి మెల్లగా చేరి, మళ్ళీ కాసేపు నడుస్తుంది. ఒక గుండుసూదితో అయిపోయే పని. నేను చెడగొట్టిన టైమింగును తిరిగి పెట్టడానికి మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. పెద్దాయన మూడో రోజు విత్తాడు. అప్పటికే మట్టి పైపైన ఆరింది, మొలక పలుచగా వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

డీజిల్ పంపు టైమింగు పెట్టడం ఎలాగో ఈ అధ్యాయంలో చెబుతాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ట్రాక్టర్ ఉన్న రైతుకూ, షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రవాడికీ ఇది పనికొస్తుంది. దాంతోపాటే, చెడిన దేన్నైనా బాగుచేసే ముందు మనిషికి ఉండాల్సిన ఒక అలవాటు గురించి కూడా చెబుతాను. ఆ అలవాటంతా రెండు గీతల్లో ఉంది.

ముందే ఎందుకు చల్లాలి?

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను పైకి లేచేటప్పుడు లోపలి గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కేస్తుంది. అంత నొక్కుడుకు గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ కాగిన గాలిలోకి నాజిల్ డీజిల్‌ను మంచులా చల్లుతుంది, అది అంటుకుంటుంది.

కానీ చల్లిన క్షణమే అంటుకోదు. తుంపర ఆవిరవ్వాలి, గాలిలో కలవాలి, అప్పుడు మండాలి. ఇందుకు సుమారు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు పడుతుంది. మనకు అది లెక్కలోకి రాని కాలం. ఇంజనుకు అలా కాదు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే క్రాంకు సెకనుకు 12,000 డిగ్రీలు తిరుగుతుంది. ఒక్క మిల్లీసెకనులో 12 డిగ్రీలు దాటిపోతుంది. పిస్టను సరిగ్గా పైకి చేరాక చల్లితే, మంట అంటుకునే వేళకు అది కిందికి దిగిపోతూ ఉంటుంది. అందుకే పిస్టను ఇంకా పైకి రాకముందే, కొన్ని డిగ్రీల ముందే పంపు చల్లడం మొదలుపెట్టాలి. ఎన్ని డిగ్రీల ముందు అన్నది ఇంజనును బట్టి మారుతుంది. పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఇది 15 నుంచి 30 డిగ్రీల మధ్యలో ఉంటుంది. మీ ఇంజను అంకె మీ ఇంజను పుస్తకంలోనే చూడాలి. పక్కింటి ట్రాక్టర్ అంకె పనికిరాదు.

మరీ ముందు చల్లితే, పైకి లేస్తున్న పిస్టను నెత్తిన మంట సుత్తిలా పడుతుంది. కటకట శబ్దం, స్టార్టింగులో వెనక్కి తన్నడం, చివరికి హెడ్డు గ్యాస్కెట్టుకో పిస్టనుకో ముప్పు. ఆలస్యంగా చల్లితే మంట సగం సైలెన్సర్ పాలవుతుంది. ఇంజను కాగుతుంది, లాగదు, డీజిల్ మాత్రం తాగుతుంది.

మదనపల్లె టమేటా రైతుకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. నారు నాటాక తొలి కోతకు అటూ ఇటూగా రెండు నెలలు పడుతుంది. 2023 జులైలో మార్కెట్టులో కిలో ధర రెండు వందల దాకా ఎగబాకింది. ఆ ధర చూసి నాటినవాళ్ళ కాయ మార్కెట్టుకు వచ్చేసరికి ధర నేలకు దిగింది. ధర కొండెక్కినప్పుడు నాటడమంటే పిస్టను పైకి చేరాక డీజిల్ చల్లడమే. ఏ పనికైనా మొదలుపెట్టే అదను ఫలం కావలసిన రోజును బట్టి మాత్రమే తేలదు. ఆ పని అంటుకోవడానికి ఎంతసేపు పడుతుందో తెలిస్తేనే తేలుతుంది.

పంపు ఎక్కడి నుంచి వచ్చింది?

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపించాడు. అప్పుడు డీజిల్‌ను లోపలికి ఊదడానికి గాలిని నొక్కి నింపే పెద్ద కంప్రెసర్ కావలసి వచ్చేది. అంత బరువును మోసుకుని పొలంలో దిగడం కుదరదు. అదే దేశంలో రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో చిన్న ఇంజెక్షన్ పంపు మీద పని మొదలుపెట్టి, 1927 నాటికి ఫ్యాక్టరీలో వరసగా తయారుచేయడం మొదలుపెట్టింది. డీజిల్ ఇంజను లారీల్లో, ట్రాక్టర్లలో ఇమిడిపోవడానికి ఈ పంపు పెద్ద కారణం.

1951లో బెంగళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ వెలసింది. అదే మైకో. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. మా షెడ్డుల్లో మాత్రం మారలేదు, లైను పంపు ఏదైనా మైకో పంపే. మద్రాసులో 1960లో టాఫే మొదలైంది. దాని మాసీ ట్రాక్టర్లలో చాలావాటికి అక్కడి సింప్సన్ ఇంజన్లే. చెన్నై, బెంగళూరు రైలు మార్గంలో కుప్పం స్టేషను ఆ రెండు ఊళ్ళ నడుమ ఉంటుంది. ఇంజనుకూ పంపుకూ పేరుపడ్డ రెండు నగరాల మధ్య కూర్చుని ఉన్నాం. ఆ రెంటినీ సరైన చోట కలిపే విద్య మనకు కొత్తది కాకూడదు.

అనుమానాల వరస

ఒక మాట గుర్తుంచుకోండి. టైమింగు తనంతట తాను పోదు. ఎవరో విప్పి ఉండాలి, లేదా ఏదో అరిగి, వదులై ఉండాలి. పంపును బెంచి మీదికి దించి ఎక్కించారా? టైమింగు గేర్ల మూత తీశారా? ఇంజను పెద్ద రిపేరు జరిగిందా? ఫ్లేంజి బోల్టుల దగ్గర తడి, కదలిక ఉన్నాయా? ఈ ప్రశ్నలన్నిటికీ ‘లేదు’ అని జవాబు వస్తే, పంపు బోల్టుల మీద స్పానర్ పెట్టకండి. ముందు ఈ వరసలో చూసుకోండి:

1. ట్యాంకు మూత రంధ్రం. మూత కాస్త వదులు చేసి నడిపితే ఇంజను కోలుకుంటే దొంగ దొరికినట్టే.

2. డీజిల్ ఫిల్టరు, దాని కింద గిన్నెలో నీరు. డ్రమ్ముల్లో నిలవ చేసిన డీజిల్ వాడేవాళ్ళు దీన్ని అసలు మరవకూడదు.

3. గాలి ఫిల్టరు. రోటవేటర్ తోలిన దుమ్ములో ఇది నాలుగు రోజుల్లో మూసుకుపోతుంది. నల్ల పొగకు చాలాసార్లు కారణం ఇదే, లేదా మోయలేని బరువు.

4. లైనులో గాలి. ఇంజను అందుకుని ఆగిపోతూ ఉంటే ఎయిర్ పట్టిందేమో చూడాలి.

5. నాజిళ్ళు. చల్లాల్సినవి చుక్కలు కారుస్తుంటే పొగ, నాకింగు రెండూ వస్తాయి.

6. టాపెట్ల సందు, కంప్రెషను.

7. ఆఖరుకు టైమింగు.

తెల్ల పొగ కనబడగానే టైమింగు లేటని తేల్చేవాళ్ళున్నారు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు తెల్లవారుజామున చల్లటి ఇంజను అయిదు నిమిషాలు తెల్లగా పొగ వదలడం చలి పనే. ఇంజను బాగా కాగిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే, దానితోపాటు లాగుడూ తగ్గితే, అప్పుడు అనుమానించండి.

మనుషుల విషయంలోనూ మనం ఇలాగే తొందరపడతాం. పిల్లవాడికి మార్కులు తగ్గితే బడి మార్చేస్తాం. వాడికి బోర్డు మీద అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూడం. గుండుసూదితో పోయేదానికి పంపు విప్పుతాం.

సిద్ధపడటం

పంపు లోపల ప్లంజరుకూ బారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనబడే ఏ దుమ్ము రేణువైనా ఆ సందు కంటే పెద్దదే. కాబట్టి పని మొదలయ్యేది స్పానరుతో కాదు, బ్రష్షుతో. పంపు, పైపులు, నట్లు డీజిల్‌తో కడిగి ఆరనివ్వండి. గాలి తోలే మధ్యాహ్నం చెట్టు కింద ఈ పని పెట్టుకోకండి. విప్పిన ప్రతి మూతికీ శుభ్రమైన ప్లాస్టిక్ మూతో కవరో కట్టండి. నూలు పీచు కుక్కవద్దు.

కావలసినవి: స్పానర్లు, టార్చి, శుభ్రమైన డీజిల్ పోసిన స్టీలు గిన్నె, పాత నాజిల్ పైపు ముక్కను హంస మెడలా వంచి చేసుకున్న కొంకి పైపు, ఇంజను పుస్తకం, విరిగిన హాక్సా బ్లేడు ముక్క. ఆఖరుది అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముఖ్యం.

బండి చదునైన చోట నిలిపి, బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీ తీగ ఊడదీయండి. ఒకరు ఇంజను తిప్పాలి, ఒకరు చుక్క చూడాలి. ఇది ఇద్దరి పని.

ఇప్పుడు బ్లేడు తీసుకోండి. పంపు ఫ్లేంజి మీద మొదలై ఇంజను బాడీ మీదికి దిగేలా ఒకే సన్నని గీత గీయండి. ఇది మీ గీత. పంపు ఇప్పుడు ఎక్కడుందో చెప్పేది ఇదే. పెయింటుతో, చాక్‌పీసుతో గీస్తే డీజిల్ తగిలి పోతుంది. లోహం మీద గీరాలి.

చుక్క ఆగే చోటు

వరసగా ఎలిమెంట్లు, అంటే ప్లంజరు బారెల్ జంటలు, నిలబడి ఉండే లైను పంపుకు పద్ధతి ఇది.

1. ఒకటో సిలిండరు కనుక్కోండి. మామూలుగా ఫ్యాను వైపుది. వాల్వు కవరు తీసి, క్రాంకు బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజనును అది నడిచే దిక్కులోనే తిప్పండి. పిస్టను కంప్రెషన్‌లో పైకి వస్తున్నప్పుడు ఆ సిలిండరు రాకర్లు రెండూ వేలితో ఊపితే లూజుగా ఆడతాయి. నాలుగు సిలిండర్ల ఇంజను అయితే అదే వేళకు నాలుగో దాని వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఉంటాయి. ఈ తేడా పట్టించుకోకపోతే ఇంజను పూర్తిగా ఒక చుట్టు తప్పు చోట కుదురుతుంది.

2. ఫ్లైవీల్ కిటికీ మూత తీసి టార్చి వేయండి. కొన్ని ఇంజన్లకు గుర్తులు ముందు పుల్లీ మీద ఉంటాయి. టీడీసీ అని ఒక గుర్తు ఉంటుంది, అంటే పిస్టను పూర్తిగా పైన ఉన్న చోటు. దానికి కొంత ముందు ఎఫ్‌పీఐ అనో, డిగ్రీల అంకెతోనో ఇంకో గీత, అంటే పంపు చల్లడం మొదలుపెట్టాల్సిన చోటు. ఇది కంపెనీ గీత. పంపు ఎక్కడుండాలో చెప్పేది ఇదే. సుద్దతో దాన్ని తెల్లగా చేసుకోండి.

3. స్టాపు నాబ్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరవండి. స్టాపు లాగి ఉంటే డీజిల్ ఆగే చోటు అంటూ ఉండదు, పొద్దంతా చూసినా చుక్క ఆగదు.

4. ఒకటో ఎలిమెంటు పైపు విప్పండి. డెలివరీ వాల్వు హోల్డరు తీసి, లోపలి స్ప్రింగునూ వాల్వునూ గిన్నెలోని డీజిల్‌లో ఉంచండి. వాల్వు కూర్చునే సీటును కదపకుండా హోల్డరు మళ్ళీ బిగించి, కొంకి పైపు తగిలించండి.

5. ఎఫ్‌పీఐ గీత కంటే క్రాంకును పావు చుట్టు వెనక్కి తీసుకోండి. ప్రైమరు కొట్టండి. కొంకి పైపులోంచి డీజిల్ ధారగా వస్తుంది.

6. తోడున్న మనిషిని క్రాంకు మెల్లగా, నడిచే దిక్కులోనే ముందుకు తిప్పమనండి. ధార సన్నబడుతుంది. చుక్కలవుతుంది. చుక్కకూ చుక్కకూ ఎడం పెరుగుతుంది. ఆగుతుంది. ‘ఆపు’ అనండి. ప్లంజరు దారి మూసేసింది. పంపు చల్లడం మొదలుపెట్టేది ఇక్కడి నుంచే.

7. ఫ్లైవీల్ చూడండి. కిటికీ దగ్గరి ముల్లు ఎఫ్‌పీఐ గీత మీదే ఉంటే టైమింగు సరిగ్గా ఉంది. గీత రాకముందే చుక్క ఆగితే పంపు తొందర మీద ఉంది. గీత దాటాక కూడా కారుతుంటే ఆలస్యంగా ఉంది.

8. సరిచేయాల్సి వస్తే, ఫ్లైవీల్‌ను ఎఫ్‌పీఐ గీత మీద నిలిపి, ఫ్లేంజి బోల్టులు పంపు కదిలేంత మేర వదులు చేయండి. పంపు షాఫ్టు తిరిగే దిక్కుకు ఎదురుగా బాడీని తిప్పితే చల్లడం ముందుకు జరుగుతుంది, అదే దిక్కులో తిప్పితే వెనక్కి పోతుంది. చుక్క సరిగ్గా ఆగే చోట బోల్టులు బిగించండి.

9. అంతటితో అయిపోలేదు. మళ్ళీ పావు చుట్టు వెనక్కి వెళ్ళి, అయిదో మెట్టు నుంచి ఇంకోసారి చూడండి. బోల్టు బిగించేటప్పుడు పంపు జరగడం మామూలే.

క్రాంకు గీత దాటిపోతే రవ్వంత వెనక్కి తిప్పి సరిపెట్టకండి. గేరు పళ్ళ మధ్య సందు వల్ల లెక్క తప్పుతుంది. పావు చుట్టు వెనక్కి పోయి, మళ్ళీ ముందుకే రావాలి. ఏ గీత దగ్గరికైనా ఒకే దిక్కు నుంచి చేరాలి.

ఎంత జరపాలన్న లెక్క కూడా తెలియాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పంపు క్రాంకు కంటే సగం వేగంతో తిరుగుతుంది. ఫ్లేంజి బోల్టు పంపు నడుమ నుంచి 6 సెంటీమీటర్ల దూరాన ఉంటే, అక్కడ ఒక మిల్లీమీటరు జరిపితే పంపు మీద సుమారు ఒక డిగ్రీ, క్రాంకు మీద రెండు డిగ్రీలు. గోరు మందమే, కానీ ఇంజను గొంతు మార్చేస్తుంది. నేను ఆ రోజు పంపును వేలెడంత ఊపాను. బోల్టుల పొడవాటి రంధ్రాల చివరిదాకా జరిపినా గీత కలవకపోతే, పంపును నిందించకండి. గేరు ఒక పన్ను తప్పి కూర్చుంది. గేరు మూత తీయాల్సిందే.

గుండ్రటి పంపు అయితే

పైపులన్నీ ఒకే తల చుట్టూ పువ్వు రేకుల్లా అమరి ఉంటే అది రోటరీ పంపు. దీనికి చుక్క పరీక్ష పనికిరాదు. ఫ్లేంజి మీద గీత ఒకటి, ఇంజను మీద గీత ఒకటి ఉంటాయి. రెండూ కలవాలి. చాలా పంపులకు పక్కన చిన్న తనిఖీ మూత ఉంటుంది. అది తీస్తే లోపల అక్షరంతో ఒక గీత కనిపిస్తుంది. ఇంజను పుస్తకం చెప్పిన అక్షరం, చెప్పిన చోటుకు రావాలి. దీన్ని విప్పేముందు కూడా మీ గీత మీరు గీయాల్సిందే. కంపెనీ గీత ఉంది కదా అని వదిలేయకండి. మీ బండిలో అరిగిన గేర్లకు అనుగుణంగా ముందరి మేస్త్రీ రవ్వంత సర్ది ఉండవచ్చు. ఆయన ఎందుకలా పెట్టాడో తెలిసేదాకా ఆ చోటును చెరిపే హక్కు మనకు లేదు.

స్టార్టు చేసేటప్పుడు

కొంకి పైపు, హోల్డరు విప్పి, స్ప్రింగు, వాల్వు గిన్నెలోంచి తీసి తిరిగి పెట్టండి. హోల్డరును పుస్తకంలో చెప్పినంత బిగువుకే బిగించి, అసలు పైపు తిరిగి తగిలించండి. పంపు మీది గాలి స్క్రూ వదులు చేసి ప్రైమరు కొట్టండి. నురగ పోయి నిఖార్సయిన డీజిల్ వచ్చాక బిగించండి. నాజిళ్ళ దగ్గర పైపు నట్లు అర చుట్టు వదిలి, బ్యాటరీ తీగ మళ్ళీ తగిలించి, సెల్ఫు కొట్టి, డీజిల్ కనబడ్డాక బిగించండి.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. ట్రాక్టర్ ముందు టైరులో గాలి దాదాపు 30 పౌండ్లు. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి దాదాపు 2,900 పౌండ్లు. ఆ ధార చర్మంలోంచి సూదిలా దిగిపోతుంది. పైన చీమ కుట్టినంత గుర్తే కనబడుతుంది, నొప్పి కూడా వెంటనే తెలియకపోవచ్చు. లోపల డీజిల్ కండను చంపేస్తూ ఉంటుంది. వేలు పోయిన సందర్భాలున్నాయి. నాజిల్ చల్లేచోట, కారుతున్న హై ప్రెషర్ పైపు దగ్గర చెయ్యి పెట్టి చూడకండి. అలా జరిగితే పసుపు అద్ది కూర్చోకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళి, డీజిల్ ఒత్తిడితో లోపలికి దిగిందని చెప్పండి.

రెండోది, తిరిగి బిగించిన పంపులో డీజిల్‌ను ఎక్కువ తక్కువ చేసే ర్యాకు ఇరుక్కుంటే ఇంజను అదుపు లేకుండా పరుగెత్తవచ్చు. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు స్టాపు నాబ్ మీద ఒకరి చెయ్యి ఉండాలి. గాలి లోపలికి పోయే మూతిని అడ్డంగా మూయడానికి గట్టి చెక్క పలక ఒకటి పక్కనే పెట్టుకోండి. గుడ్డ పనికిరాదు, ఇంజను దాన్ని మింగేస్తుంది.

మీ పని, షాపు పని

టైమింగు పెట్టడం వరకు షెడ్డులో చేయవచ్చు. ఒక్కో ఎలిమెంటు ఎంత డీజిల్ వదలాలి, గవర్నరు ఎక్కడ పట్టుకోవాలి అన్నవి టెస్టు బెంచి మీద కొలిచి సరిచేసేవి. ఆ సీళ్ళు తెంపి స్క్రూలు తిప్పితే ‘పికప్పు’ పెరిగినట్టే ఉంటుంది. నల్ల పొగ, కరిగిన పిస్టను తర్వాత వస్తాయి. ఒక సిలిండరు ప్లంజరును ఇంకోదాని బారెల్‌లో పెట్టడమూ అంతే, అవి జంటగా రుద్దుకుని తయారైనవి.

2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఆ ఇంజన్లలో ఎప్పుడు చల్లాలో కంప్యూటరే నిర్ణయించే రకాలు పెరుగుతున్నాయి. అక్కడ కొంకి పైపు పని లేదు. కానీ ల్యాప్‌టాప్ తగిలించినవాడు కూడా మార్చేముందు పాత రీడింగులు దాచుకోవాలి. బ్లేడు మారింది, గీత మారలేదు.

ట్రాక్టర్ బయట

ఫ్లైవీల్ మీది గీత ఎక్కడుండాలో చెబుతుంది. ఫ్లేంజి మీది గీత ఎక్కడున్నామో చెబుతుంది. మనలో చాలామందికి ఈ రెంటిలో ఒకటే తెలుసు. కుప్పంలో పొద్దున్నే బెంగళూరు రైలెక్కే కుర్రవాళ్ళను అడిగితే ఎంత జీతం రావాలో చెబుతారు. ఇప్పుడు నెలకు చేతికి ఎంత మిగులుతోందో చెప్పమంటే నీళ్ళు నములుతారు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్దలు సరిగ్గా తలకిందులు: పైసా లెక్కతో ఉన్న చోటు తెలుసు, చేరాల్సిన చోటు మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఒకరు పంపును వేలెడంత ఊపేస్తారు, ఇంకొకరు బోల్టే వదలరు.

ఉన్న చోట గీత గీయడమంటే మనం పొరబడవచ్చని ముందే ఒప్పుకోవడం. అది పిరికితనం అనుకుంటారు కొందరు. గీత లేనివాడికి ప్రతి మార్పూ జూదమే కాబట్టి నిజానికి భయపడాల్సింది అతను. గీత ఉన్నవాడు నిర్భయంగా జరిపి చూస్తాడు. కుదరకపోతే సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తాడు.

ఈ వారం ఇవి చేయండి:

ట్యాంకు నిండా డీజిల్ పోసి, ఒకే చేనులో ఒకే పని ఒక గంట చేసి, మళ్ళీ నిండేదాకా ఎంత పట్టిందో రాసుకోండి. రిపేరుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ‘ఇప్పుడు బాగా లాగుతోంది’ అన్న మాట కంటే ఈ రెండు అంకెలు నమ్మదగ్గవి.

మీ ఇంజను ఎఫ్‌పీఐ డిగ్రీ పుస్తకంలో వెతికి, టూల్ బాక్సు మూత లోపలి వైపు రాసి పెట్టండి.

మీరు మార్చాలనుకుంటున్న విషయం ఒకటి తీసుకోండి. పంట కావచ్చు, అప్పు కావచ్చు, ఉద్యోగం కావచ్చు. కాగితం మీద రెండే వాక్యాలు రాయండి: ఇప్పుడు ఎక్కడున్నాను, ఎక్కడుండాలి. రెండింటిలోనూ అంకె ఉండాలి. తర్వాత ఒక్కటే మార్చండి, గోరు మందం మార్చండి, మళ్ళీ మొదటి నుంచి కొలవండి.

ఎదుటివాళ్ళు కష్టం చెప్పేటప్పుడు రెండో సగం దాకా వినండి.

కొన్నేళ్ళ తర్వాత ఆ పెద్దాయన ట్రాక్టరే హెడ్డు పనికి నా దగ్గరికి వచ్చింది. తెచ్చింది ఆయన కొడుకు. పంపు దించాల్సి వచ్చింది. ఫ్లేంజి మీద పేరుకున్న జిడ్డును డీజిల్ గుడ్డతో తుడిచాను. ఆ మర్నాటి మధ్యాహ్నం మేస్త్రీ గీసిన గీత వెంట్రుకలా సన్నగా, వంకర లేకుండా కనిపించింది. బ్లేడు ముక్క తీసుకుని, బోల్టు ముట్టుకోకముందే, దాని మీదే ఇంకోసారి గీశాను.